కాళ్ల మీద ఎర్ర, నీలి గీతలు: ఏది వదిలేయొచ్చు, దేనికి వైద్యం కావాలి

సమస్య: తొడ పక్కన, మోకాలి వెనక సాలెగూడులా సన్న గీతలు. నొప్పి లేదు, వాపు లేదు.

కారణం: చర్మం కిందే ఉండే, మిల్లీమీటరు కన్నా సన్నని రక్తనాళాలు సాగిపోవడం. వీటినే స్పైడర్ వెయిన్స్ అంటారు. అమ్మకుంటే కూతురికి రావడం మామూలే. కాన్పులు, బరువు, గంటల తరబడి నిలబడే పని తోడైతే ఇంకా పెరుగుతాయి.

పరిష్కారం: ఏమీ చేయకపోయినా ప్రమాదం లేదు. గర్భంతో ఉన్నప్పుడు వచ్చినవైతే కాన్పయ్యాక కొన్ని నెలలు ఆగండి, చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. గర్భంతో ఉండగా, కింద చెప్పే ఇంజక్షన్ చేయించుకోకూడదు కూడా.

గీతలు కనబడుతున్నాయనే బాధ ఉంటే స్క్లెరోథెరపీ ఉంది. వెంట్రుకంత సూదితో పాలిడోకనాల్ లాంటి మందు నాళంలోకి ఎక్కిస్తారు. దాని గోడలు అతుక్కుపోయి, కొన్ని వారాల్లో గీత మాయమవుతుంది. ఒక్క విడతతో అయిపోదు. కొత్తవి రావని ఎవరూ హామీ ఇవ్వలేరు, ఇచ్చేవాళ్లని నమ్మొద్దు. లేజర్ పేరు వినడానికి గొప్పగా ఉంటుంది గానీ, కాళ్లకు మాత్రం ముందు ఇంజక్షనే. సూది దూరనంత సన్నవాటికి లేజర్ పనికొస్తుంది. మన చాయకి 1064 నానోమీటర్ల ఎన్‌డి యాగ్ రకం కాస్త నయం, మిగతావాటితో మచ్చలు పడే భయం ఎక్కువ.

ఇంజక్షన్ చేసినచోట కూడా గోధుమరంగు మచ్చ మిగలొచ్చు, పోవడానికి నెలలు పడుతుంది. కాబట్టి పెళ్లికి నెల ముందు పరిగెత్తకండి. ఆషాఢంలో మొదలుపెడితే మాఘమాసం ముహూర్తాలకి కాళ్లు సర్దుకునే వ్యవధి ఉంటుంది. తర్వాత వేసుకోమనే స్టాకింగ్స్‌ని (కాలిని బిగించి పట్టే పొడవాటి మేజోళ్లు) మన కోనసీమ ఉక్కపోతలో వేసవిలో భరించడం కష్టం కూడా.

సమస్య: గీతలతో పాటు సాయంత్రానికి కాళ్ల బరువు, పిక్కల్లో లాగుడు, చీలమండ దగ్గర వాపు.

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో తడినేల మీద నిలబడి తొక్క తీసే ఆడవాళ్లకి ఇది బాగా తెలిసిన బాధ. షిఫ్టు దిగి గమ్‌బూట్లు విప్పితే సాక్సు అంచు పడినచోట గాడి ఉంటుంది. బొటనవేలితో నొక్కితే గుంట పడుతుంది, వెంటనే పూడదు.

కారణం: పెద్ద సిరల్లో రక్తాన్ని పైకే పోనిచ్చే కవాటాలు పాడై, రక్తం కిందికి జారడం.

పరిష్కారం: ముందు డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్తం ఎటు పారుతోందో చూపేది), అదీ నిలబెట్టి చేసేది. లోపల లీకు ఉంటే మొదట ఆ సిరని లేజర్‌తోనో రేడియో ఫ్రీక్వెన్సీ (రేడియో తరంగాల వేడి)తోనో మూయాలి. అది వదిలేసి పైగీతలకు ఇంజక్షన్లు చేయిస్తే మళ్లీ వస్తాయి, డబ్బు దండగ. స్కాన్ రాయకుండానే ప్యాకేజీ రేటు చెప్పే చోట నేనైతే కూర్చోను. పనిలో ఉన్నంతసేపూ మధ్యమధ్యలో మడమలు ఎత్తి దించుతుంటే పిక్క కండరం రక్తాన్ని పైకి తోస్తుంది.

సమస్య: స్టాకింగ్స్ వేస్తే ఇంకా బాధ.

కారణం: సైజు తప్పు, లేదా వాపు వచ్చాక వేసుకోవడం. పొద్దున్నే కొలత ఇచ్చి కొనండి, మంచం దిగకముందే వేసుకోండి, పైఅంచు మడవకండి. షుగరు ఉన్నవాళ్లు, పాదాలు చల్లగా ఉండేవాళ్లు డాక్టరుకి చూపించకుండా వేసుకోవద్దు.

సమస్య: వాపు రాత్రి పడుకున్నా తగ్గదు, చర్మం దళసరెక్కుతోంది.

ఈ గోదావరి జిల్లాల్లో బోదకాలు కొత్త కాదు. సిరల వైద్యానికి వెళ్లేముందు ఫైలేరియా సంగతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తేల్చుకోండి.

సమస్య: చీలమండ లోపలివైపు చర్మం నల్లబడి పుండు పడింది.

ఇదీ సిరల ఒత్తిడే. ఆకు పసర్లు కట్టడం ఆపి వాస్కులర్ సర్జన్‌ని (రక్తనాళాల డాక్టరుని) కలవండి.

ఆగకూడనివి రెండు. ఒకే పిక్క ఉన్నట్టుండి వాచి, వేడెక్కి, నొప్పెడితే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. రుద్దకండి, అదేరోజు ఆసుపత్రికి వెళ్లండి. ఆయాసం కూడా ఉంటే 108కి ఫోన్ చేయండి. ఉబ్బిన సిర చిట్లి రక్తం చిమ్మితే పడుకోబెట్టి, కాలు గుండె కన్నా ఎత్తులో పెట్టి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. పైన తాడు బిగించి కట్టకండి.