రాని లాప్‌టాప్‌కి అడ్వాన్స్ కట్టకండి: కాలేజీల సీజన్‌కి ముందు జాగ్రత్తలు

పోయిన వారం ఒకాయన మా షాపుకి వచ్చారు. కోనసీమలో ఒక లంక గ్రామం, కొబ్బరి రైతు. చొక్కా జేబులోంచి నాలుగు మడతల పసుపు కాగితం తీసి బల్ల మీద పరిచారు. ఎస్టిమేట్ స్లిప్పు. చెమటకి బాల్‌పెన్ ఇంకు అలుక్కుపోయింది గానీ చదవొచ్చు. ‘కొత్త చిప్ లాప్‌టాప్ 1, అడ్వాన్స్ 25,000’ అని ఉంది. మోడల్ నంబరు లేదు, జీఎస్టీ నంబరు లేదు. డెలివరీ అన్న చోట ‘నెలాఖరు’ అని రాశారు, ఏ నెలో రాయలేదు.

“ఆయ్, నెలాఖరుకి కొత్తది వచ్చేద్దన్నారండి. ముందు కట్టినోళ్లకే పాత రేటన్నారు. ఆ చిప్పేదో ఎప్పుడొస్తదో మీరు చూసి చెప్పాలండి” అన్నారు.

ఆ స్లిప్పు రాసిచ్చిన షాపు షట్టర్ రెండు వారాలుగా తెరవలేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. చిప్, అంటే లాప్‌టాప్‌ని నడిపించే ప్రాసెసర్, విడుదలైతే షాపు కూడా తెరుస్తారేమోనని ఆశ. వాళ్లబ్బాయికి కంప్యూటర్ సైన్స్‌లో సీటొచ్చింది. ఆ పాతిక వేలు రెండు దింపుల కొబ్బరి డబ్బు.

కౌన్సెలింగ్ అయి క్లాసులు మొదలయ్యేలోపు అమలాపురం, పాలకొల్లు, భీమవరం, కాకినాడ, ఎక్కడ చూసినా ఇదే హడావిడి. అందుకే ఇది రాస్తున్నాను. బిల్లు తీసుకోండి, వారంటీ చూసుకోండి లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. పద్దెనిమిదేళ్లుగా లాప్‌టాప్‌లు అమ్ముతూ, బాగుచేస్తూ ఉన్నాను. జనం డబ్బు పోగొట్టుకోవడం ఎక్కువగా చూసింది ఒకే ఒక్క తప్పు వల్ల: ఇంకా విడుదల కాని మెషీన్‌కి, ఎవరో చెప్పిన తేదీ నమ్మి, ముందే డబ్బు కట్టడం.

చిప్ ప్రకటించారంటే లాప్‌టాప్ వచ్చినట్టు కాదు

గోదావరి వరద లెక్క మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక ఇచ్చారని వినగానే వీధిలోకి నీళ్లు రావు. కూనవరం దగ్గర శబరి ఎంత తెచ్చి కలుపుతుందో చూడాలి, ధవళేశ్వరం దగ్గర ఎంత వదులుతున్నారో చూడాలి, ఆ తర్వాత లంకల సంగతి. చిప్ ప్రకటన కూడా భద్రాచలం కబురు లాంటిదే. అక్కడ స్టేజీ మీద చూపించిన చిప్ చుట్టూ లాప్‌టాప్ కంపెనీలు బోర్డు తయారుచేయాలి, వేడి తట్టుకునేలా ఫ్యాన్లు అమర్చాలి, ఫ్యాక్టరీలో లైను పెట్టాలి. మన దేశంలో అమ్మాలంటే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ కావాలి. అదంతా అయ్యాక పెద్ద డీలర్లకి వస్తుంది. మన ఊరికి వచ్చేది చిట్టచివర.

క్వాల్‌కామ్ కంపెనీ స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ఎలైట్ చిప్‌ని 2023 అక్టోబరులో ప్రకటించింది. దానితో లాప్‌టాప్‌లు అమ్మకానికి వచ్చింది 2024 జూన్ 18న. ఎనిమిది నెలలు. ఆపిల్ ఎం4 చిప్ 2024 మేలో వచ్చింది గానీ ఐప్యాడ్‌లో వచ్చింది. అదే చిప్‌తో మ్యాక్ కంప్యూటర్లు ప్రకటించేసరికి అక్టోబరు చివరి వారం అయింది. ‘ఎం4 వచ్చేసింది’ అన్న మాట మేలో నిజమే. ఆ మాట విని మే నెలలో ఎవరైనా మ్యాక్‌బుక్‌కి డబ్బు కట్టి ఉంటే?

ఇంతకు ముందు ఎన్ని నెలలకి వచ్చిందో లెక్కేసి తర్వాతది చెప్పేవాళ్లు చాలామంది. అదే ఆపిల్‌ని తీసుకోండి. ఎం1 2020 నవంబరు, ఎం2 2022 జూన్. పంతొమ్మిది నెలలు. ఎం3 2023 అక్టోబరు చివర, అంటే దాదాపు పదిహేడు నెలలు. ఇక ఏడాదిన్నరకి ఒకటి అని అందరూ ఖాయం చేసుకున్నారు. ఎం4 ఆరు నెలలకే వచ్చింది. ఆ తర్వాత ఎం5కి మళ్లీ పదిహేడు నెలలు, 2025 అక్టోబరు. మూడు అంకెలు చూసి నాలుగోది చెప్పడం సరదాకి బాగుంటుంది. నాకూ ఆ లెక్కలంటే ఇష్టమే, రాత్రిళ్లు కూర్చుని చదువుతాను. ఊహించడంలో తప్పేమీ లేదు. ఆ ఊహ మీద డబ్బు కట్టకండి, అంతే నేను చెప్పేది.

కంపెనీ నోటితో చెప్పిన తేదీ కూడా జారిపోతుంది

ఎవరో యూట్యూబ్‌లో చెప్పిన తేదీలు వదిలేయండి, కంపెనీ స్వయంగా చెప్పినవే చూద్దాం. ఇంటెల్ కంపెనీ ‘10 నానోమీటర్’ అనే కొత్త తరం చిప్‌లు 2016లో రావాలి. 2015 జూలైలో కంపెనీయే అది 2017 రెండో సగానికి జరిగిందని చెప్పింది. 2018లో పేరుకి ఒకే ఒక్క కోర్ ఐ3 వచ్చింది, అందులో గ్రాఫిక్స్ భాగం పనిచేయకుండా ఆపేసి ఇచ్చారు. మామూలుగా కొనుక్కునేలా వచ్చింది 2019లో. 2015లో ఇంజనీరింగ్‌లో చేరిన పిల్లవాడు ఆ చిప్ కోసం ఆగి ఉంటే నాలుగేళ్ల చదువూ అయిపోయి ఉండేది.

ఏఎండీ రైజెన్ 9000 చిప్‌లకి 2024 జూలై 31 అని తేదీ ప్రకటించారు. సరిగ్గా వారం ముందు, మొదట పంపిన సరుకు నాణ్యత తమకి తృప్తిగా లేదని ఆగస్టుకి జరిపారు. ఎన్‌విడియా 2022 సెప్టెంబరులో 12 జీబీ ఆర్‌టీఎక్స్ 4080 గ్రాఫిక్స్ కార్డుని పేరుతో, ధరతో ప్రకటించి, అక్టోబరు 14న వెనక్కి తీసుకుంది. అదే సరుకు మరుసటి జనవరిలో ఆర్‌టీఎక్స్ 4070 టీఐ అన్న పేరుతో వచ్చింది. ఆపిల్ ఎయిర్‌పవర్ అనే చార్జింగ్ మ్యాట్‌ని 2017లో చూపించి 2019 మార్చిలో రద్దే చేసింది.

కంపెనీ చేతిలో లేనివి కూడా ఉంటాయి. 2023 ఆగస్టు 3న మన ప్రభుత్వం లాప్‌టాప్‌ల దిగుమతికి లైసెన్సు ఉండాలని ఆదేశం ఇచ్చింది, మర్నాడే అక్టోబరు చివరి వరకు గడువిచ్చింది. ఆ ఒక్క రోజులో డీలర్ల దగ్గర ఎంత టెన్షనో నేను చూశాను. ఏ స్టాకు వస్తుందో, ఏది రాదో ఎవరికీ అంతుబట్టలేదు.

వేల కోట్ల కంపెనీలే తమ తేదీ నిలబెట్టుకోలేకపోతే, మన సెంటర్లో షాపాయన రాసిచ్చిన ‘నెలాఖరు’ని ఎలా నమ్ముతారు? రాని మెషీన్‌కి డబ్బు కట్టకండి.

పుకార్లు ఎక్కడ పుడతాయంటే

బీఐఎస్ జాబితాలో ఒక మోడల్ నంబరు కనబడగానే ‘ఇండియా లాంచ్ ఖాయం’ అని వీడియోలు వస్తాయి. ఆ రిజిస్ట్రేషన్ భద్రతా ప్రమాణాలకు సంబంధించింది. దాన్ని బట్టి అమ్మే తేదీ తెలియదు, ధర తెలియదు. ఇక గీక్‌బెంచ్ స్కోరు, అంటే చిప్ వేగం కొలిచే యాప్ ఇచ్చే మార్కులు. టెస్టింగ్‌లో ఉన్న మెషీన్ మీద ఎవరో నడిపింది, చిప్ పేరు మార్చి పెట్టడం కూడా పెద్ద కష్టం కాదు. ఆన్‌లైన్ షాపులో ‘త్వరలో’ అన్న పేజీలో కనబడే ధర చాలాసార్లు ఖాళీ ఉంచలేక వేసిన అంకె. మిగతావి చెప్పనక్కర్లేదు.

ఇంకొకటి ఉంది, ఇది కాస్త శ్రద్ధగా చదవండి. కొత్తది రాలేదని, దాని బదులు ‘ఇదీ కొత్తదేనండి’ అని పాత చిప్ అంటగట్టడం. అడ్వాన్స్ ఇరుక్కుపోయింది కాబట్టి తీసుకోక తప్పదు. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7640యూ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఏడు వేల సిరీస్, రెండూ రైజెన్ 5. ఈ సిరీస్‌లో మూడో అంకె లోపలి డిజైన్ ఏదో చెబుతుంది. ఏఎండీ తన డిజైన్లకి జెన్ అని పేరు పెట్టింది. 7520లో అది 2, అంటే జెన్ 2, 2019 నాటి డిజైన్. 7640లో 4, అంటే జెన్ 4. అలాగే ఇంటెల్ కోర్ 5 120యూ వేరు, కోర్ అల్ట్రా 5 125యూ వేరు. ‘అల్ట్రా’ అన్న ఒక్క మాట తేడాకి లోపల తరమే మారిపోతుంది. ‘కోర్ 5 కొత్తది’ అని నోటిమాటగా చెబితే ఏది ఇచ్చినా మీరు నిలదీయలేరు. పూర్తి నంబరు రాయించుకోండి.

తోటి షాపుల వాళ్లకి ఒక మాట. డిస్ట్రిబ్యూటర్ ఇన్‌వాయిస్ మీ చేతికి రాకుండా ఎవరి దగ్గరా అడ్వాన్స్ తీసుకోకండి. మీ ఉద్దేశం మంచిదే కావచ్చు. కంపెనీ రెండు నెలలు జరిపితే ఆ డబ్బు మీ దగ్గర ఉండదు, వేరే స్టాకులో ఇరుక్కుపోయి ఉంటుంది. షట్టర్లు మూతపడేది అలాగే.

ఇక గుర్తున్నవి గుర్తున్నట్టు రాస్తున్నాను.

క్లాసులు మొదలయ్యాయా? షాపులో ఇప్పుడు కళ్లముందు ఉన్నదే కొనండి. మొదటి ఏడాది సి, పైథాన్ నేర్చుకోవడానికి 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న మామూలు మెషీన్ బ్రహ్మాండంగా సరిపోతుంది.

ఆగాలనుకుంటే ఆగండి, కానీ డబ్బు మీ బ్యాంకులోనే ఉండాలి.

కొత్తది చేతికి రాకుండా పాతది అమ్మకండి.

‘ఆగితే రేటు తగ్గుద్ది’ అన్నది ప్రతిసారీ నిజం కాదు. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లు లాక్కుపోయి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. దీపావళి దాటాక చూద్దామని ఆగినవాళ్లు ఎక్కువ పెట్టి కొన్నారు.

ఆగే నాలుగు నెలలకని సెకండ్ హ్యాండ్ కొంటే, ఇంటెల్ అయితే ఎనిమిదో జనరేషన్ కంటే పాతది వద్దు. వాటిలో దాదాపు వేటికీ విండోస్ 11 అధికారికంగా లేదు, విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది.

స్టిక్కర్ నమ్మకండి. మెషీన్ ఆన్ చేయించి, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ తెరిపించి, చిప్ పేరు మీ కళ్లతో చదవండి.

వాట్సాప్‌లో వచ్చిన ‘ప్రీ బుకింగ్’ లింకు నొక్కకండి. తెలిసినవాళ్లు పంపినా సరే.

బుకింగ్ చేయక తప్పకపోతే కంపెనీ సొంత సైట్లోనే చేయండి. రద్దు చేస్తే డబ్బు ఎన్ని రోజుల్లో వెనక్కి వస్తుందో ముందే చదవండి.

వరద రోజుల్లో డెలివరీ అడ్రస్ టౌన్‌లో చుట్టాలింటికి ఇవ్వండి. కనకాయలంక కాజ్‌వే మునిగితే కొరియర్ కుర్రాడు పడవ ఎక్కి రాడు.

వడ్డీకి తెచ్చి అడ్వాన్స్ కట్టకండి. కట్టకండి. మెషీన్ రాదు, వడ్డీ ఆగదు.

‘ఈ రోజే ఆఖరు’ అన్నారా, లేచి వచ్చేయండి.

మోడల్ నంబరు లేని స్లిప్పు మీద పైసా పెట్టకండి.

నగదు ఇవ్వకండి.

ఇప్పటికే కట్టేసి ఉంటే ఈ రోజే వెళ్లి మోడల్ నంబరు, తేదీ, ‘రాకపోతే డబ్బు వాపసు’ అన్న మాట రాయించి సంతకం, షాపు ముద్ర వేయించుకోండి. ఇవ్వనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. ఆన్‌లైన్ లింకులో పోయిన డబ్బైతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి, గంట కూడా ఆలస్యం చేయకండి.

ఆ కొబ్బరి రైతు గారి చేత మా షాపులోంచే 1915కి చేయించాను. పాతిక వేలలో పది వేలు యూపీఐలో పంపారు, దానికి ఫోన్లో రుజువుంది. మిగతా పదిహేను వేలు నగదు. వాటికి ఆ పసుపు కాగితమే ఆధారం. రెండు వైపులా ఫొటో తీసి, కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చాను.