టైప్‌స్క్రిప్ట్‌లో నల్ ఎర్రర్ వచ్చిందని ధర 0 పెట్టేయకండి

దామలచెరువు మామిడి యార్డు ధరలు చూపించే యాప్ ఒకటి టైప్‌స్క్రిప్ట్‌లో రాస్తున్నారనుకోండి. తోతాపురి ధర ఇంకా తేలలేదు, అందుకని ధర అనే నంబర్ వేరియబుల్‌లో నల్, అంటే 'విలువ లేదు' అని పెట్టారు. వెంటనే ఎర్ర గీత, నల్‌ని నంబర్‌కి అసైన్ చేయడం కుదరదని. తిరుపతిలో ప్రాజెక్టులు చేసే పిల్లలు చాలామంది ఇక్కడే టెన్షన్ పడి నల్ తీసేసి 0 పెట్టేస్తారు, ఎర్రర్ పోతుంది, కానీ రైతు ఫోన్‌లో టన్ను 0 రూపాయలని పడుతుంది. ధర తెలియకపోవడం వేరు, సున్నా కావడం వేరు.

కొందరైతే ఈ ఎర్రర్ చూపించే స్ట్రిక్ట్ నల్ చెక్స్ ఆప్షనే ఆపేస్తారు. 2016లో టైప్‌స్క్రిప్ట్ 2.0తో వచ్చిందది, టీఎస్‌కాన్ఫిగ్ అనే సెట్టింగ్స్ ఫైల్‌లో స్ట్రిక్ట్ ఆన్ చేస్తే దాంతోపాటే పనిచేస్తుంది. దయచేసి ఆపకండి, ఆపితే అదే తప్పు వాడేవాళ్ల చేతిలో బయటపడుతుంది.

ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: ఈ విలువ నిజంగా ఖాళీగా ఉండొచ్చా? ఉండొచ్చంటే టైపునే నంబర్ | నల్ (నంబర్ లేదా నల్) అని మార్చండి. ఇక ఆ ధరని టన్నులతో గుణించబోతే కంపైలర్ (కోడ్‌ని చెక్ చేసి జావాస్క్రిప్ట్‌గా మార్చేది) మళ్లీ అడ్డుపడుతుంది, పడాలి కూడా. ఇఫ్‌లో ధర !== నల్ అని పూర్తిగా రాయండి, ఆ బ్లాకులో కంపైలర్ దాన్ని మామూలు నంబర్‌గానే చూస్తుంది, ఎల్స్‌లో "ధర ఇంకా రాలేదు" అని చూపించండి. ఉత్త ఇఫ్ ధర అని రాస్తే 0 కూడా ఎల్స్‌లోకే పోతుంది. లెట్‌తో పెట్టి తర్వాత మళ్లీ మారుస్తుంటే కాల్‌బ్యాక్ (తర్వాత నడవడానికి ఇచ్చే ఫంక్షన్) లోపల ఈ చెక్ లెక్కలోకి రాదు, కాబట్టి విలువని ముందే మళ్లీ మార్చలేని ఒక కాన్స్ట్‌లోకి తీసుకుని దాన్ని చెక్ చేయండి.

విలువ లేనప్పుడు వాడే డిఫాల్ట్ ఇవ్వాలంటే || బదులు ?? వాడండి. కమీషన్ 0 అని ఎవరైనా నింపితే || దాన్ని లేనట్టే లెక్కేసి మీ డిఫాల్ట్ కమీషన్ వేసేస్తుంది, ఇది డబ్బు తేడా వచ్చే తప్పు. ?? అయితే నల్ గానీ అన్‌డిఫైన్డ్ (అసలు విలువే పెట్టనిది) గానీ ఉంటేనే డిఫాల్ట్‌కి వెళ్తుంది.

ఎర్రర్ పోవాలని వేరియబుల్ పేరు చివర ! తగిలించడం మానేయండి. అది కంపైలర్ నోరు మూయిస్తుందంతే, తయారయ్యే జావాస్క్రిప్ట్‌లో ఆ గుర్తే మిగలదు.

ఇంత చేసినా సర్వర్ నుంచి వచ్చే డేటా దగ్గర జాగ్రత్త. ఆ డేటాని విప్పే జేసన్ పార్స్ ఎనీ టైపు (ఏదైనా కావొచ్చు, చెక్ లేదు అని) ఇస్తుంది, అందులో నల్ ఉన్నా కంపైలర్ ఏమీ అనదు. వచ్చిన చోటే చెక్ చేసి, నంబరైతే నంబర్‌గా, లేకపోతే నల్‌గా తేల్చాకే మిగతా కోడ్‌కి ఇవ్వండి.