పాత గోడ నుంచి నైరూప్య చిత్రం – 4వ పాఠం: ముందు పొరలు, తర్వాత గోకుడు

పోయిన వారం హైదరాబాద్ పాతబస్తీ గోడ మీద కాగితం ఆనించి, పెన్సిల్‌తో రుద్ది తెమ్మన్నాను. ఆ కాగితం ఎదురుగా పెట్టుకోండి. ఇవాళ బోర్డు మీద పని మొదలుపెడదాం.

కొత్తగా నేర్చుకునేవాళ్లు తెల్ల కాన్వాస్ మీద మరకలు, పగుళ్లు గీసేస్తారు. అలా గీస్తే పాడుబడ్డ గోడ బొమ్మ వస్తుంది, పాడుబడ్డతనం రాదు. గోడ ఒక్కో పొర ఊడుతూ పాడవుతుంది. మనమూ అదే వరసలో పొరలు కట్టి, వాటిని ఊడగొట్టాలి. బార్సిలోనా చిత్రకారుడు ఆంటోని తాపియెస్ (1923–2012) రంగులో పాలరాతి పొడి కలిపి మందంగా పూసి, దాన్ని గీరి చిత్రాలు చేశారు. కాటలాన్ భాషలో ఆయన ఇంటిపేరుకు గోడలు అనే అర్థం.

కాన్వాస్ వద్దు. నేను మొదట్లో దాని మీదే లప్పం దట్టించాను. బట్ట వంగినప్పుడల్లా లప్పం పగిలింది, నెల రోజుల పని రాలిపోయింది. చాలా బాధపడ్డాను. 12 మి.మీ. ప్లైవుడ్ ముక్క తీసుకుని, వంకర పోకుండా రెండు వైపులా ప్రైమర్ వేయండి.

మొదటి పొర ఇటుక రంగు. ఆరాక అక్రిలిక్ లప్పం పలచగా లాగండి, మందం 2 మి.మీ. దాటొద్దు. ఒక రోజు ఆరనివ్వండి. దాని మీద సున్నానికి నీలిమందు కలిపినట్టుండే లేత నీలం. ఇప్పుడు అసలు కిటుకు: ఎక్కడ పెచ్చులు లేవాలో అక్కడ కొవ్వొత్తి గట్టిగా రుద్దండి. ఆ పైన ఆకుపచ్చ వేసి ఆరనివ్వండి. మైనం మీద రంగు పట్టదు కాబట్టి చాకు మొన తగలగానే రేకులుగా లేస్తుంది.

ఎక్కడ గోకాలో గోడే చెబుతుంది. నేలలోని చెమ్మ ఉప్పును తీసుకుని గోడలోకి పాకుతుంది. నీరు ఆరినప్పుడు ఉప్పు గడ్డకట్టి పూతను లోపలినుంచి బయటికి నెడుతుంది. అందుకే నడుం ఎత్తు లోపలే పెచ్చులు ఎక్కువ. మీ చిత్రంలోనూ బరువంతా కిందనే ఉండాలి, పైభాగాన్ని దాదాపు ముట్టుకోవద్దు. డంగు సున్నం (సున్నం, ఇసుక కలిపి నూరిన పాతకాలపు పూత) గోడకు సిమెంటు అతుకు వేసిన చోట ఇంకోటి గమనించండి. సిమెంటు చెమ్మను బయటికి పోనివ్వదు, దాంతో అతుకు చుట్టూ ఉన్న పాత సున్నం ముందు రాలుతుంది. నునుపైన బూడిద రంగు చతురస్రం, దాని అంచుల వెంట చితికిన సున్నం: నాకు ఇంతకన్నా బలమైన రూపం ఇంకెక్కడా దొరకలేదు.

ఉప్పు కాగితంతో (శాండ్‌పేపర్‌తో) రుద్దేటప్పుడు ముక్కుకు మాస్క్ తప్పనిసరి.

వచ్చే వారానికి ఒకే సైజు ముక్కలు రెండు చేయండి. ఒకటి పది నిమిషాలు గోకి ఆపేయండి. రెండోది ఇటుక రంగు బయటపడేదాకా గోకండి. రెండూ పక్కపక్కన గోడకు ఆనించి, పది అడుగుల దూరం నుంచి చూడండి.