ఐపీ మారినా ఇంటి కంప్యూటర్‌ను అందుకునే మార్గం

బయటి నుంచి ఇంటి కంప్యూటర్‌లోకి వెళ్లవలసిన సమయానికే రౌటర్ రీస్టార్టయి ఐపీ చిరునామా మారిపోవడం చాలామందికి ఎదురయ్యే చికాకే. ఇందుకోసం నెలనెలా డబ్బు కట్టి స్థిరమైన ఐపీ తీసుకోనక్కరలేదు; ఎప్పటికప్పుడు కొత్త ఐపీకి దారి చూపే, తాను మాత్రం మారని పేరు ఒకటి ఉంటే చాలు.

డక్‌డీఎన్‌ఎస్ వంటి ఉచిత సేవలో ఒక పేరు నమోదు చేసుకుంటే, దానితోపాటు పొడవైన టోకెన్ (రహస్య సంకేతం) కూడా లభిస్తుంది. ఆ రెండూ కలిపిన అప్‌డేట్ లింకును ఇంటి కంప్యూటర్ 5 నిమిషాలకొకసారి తెరిచేలా, లినక్స్‌లో అయితే నిర్ణీత వేళలకు పనులు నడిపే క్రాన్‌టాబ్‌లో, లింకులు తెరిచే కర్ల్ కమాండుతో ఒక వరుస, విండోస్‌లో అయితే టాస్క్ షెడ్యూలర్‌లో ఒక టాస్కు పెట్టాలి. లింకులో ఐపీ ఉండవలసిన చోటును ఖాళీగా వదిలేస్తే, అభ్యర్థన ఏ చిరునామా నుంచి వచ్చిందో చూసి ఆ సేవే దానిని నమోదు చేసుకుంటుంది. జవాబుగా ‘ఓకే’ వస్తే పని జరిగినట్టు. ‘కేఓ’ వస్తే ముందుగా పేరును, టోకెన్‌ను సరిచూసుకోవాలి.

తర్వాత రౌటర్‌లో ఆ కంప్యూటర్‌కు లోపలి ఐపీని స్థిరపరచి, దూరం నుంచి సురక్షితంగా లాగిన్ కావడానికి ఉపయోగపడే ఎస్‌ఎస్‌హెచ్ వాడే 22వ పోర్టును (నెట్‌వర్క్ ద్వారాన్ని) దానికి మళ్లించాలి. పాస్‌వర్డు లాగిన్‌ను ఆపివేసి కీ ఫైలుతోనే ప్రవేశించేలా పెట్టుకోవడం తప్పనిసరి. దూరం నుంచే కంప్యూటర్ తెరను చూపే రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389వ పోర్టును మాత్రం నేరుగా బయటికి తెరవకుండా, ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ (గుప్తీకరించిన దారి) గుండానే వాడుకోవడం మేలు.

రౌటర్ పేజీలోని వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు చిరునామా) 100.64 నుంచి 100.127 మధ్య అంకెలతో మొదలైతే, ఒకే పబ్లిక్ ఐపీని పలువురు వినియోగదారులకు పంచుతున్నారని అర్థం కనుక ఈ పద్ధతి పనిచేయదు. అప్పుడు రౌటర్‌లో పోర్టు మళ్లించకుండానే పరికరాలను కలిపే టెయిల్‌స్కేల్ వంటిది వాడుకోవాలి.