వార్ ఫైలు బిల్డ్ అయింది, టామ్‌క్యాట్‌లో మాత్రం 404

జావా కోడ్‌ను బిల్డ్ చేసే టూల్ మేవెన్ చివర్లో ‘బిల్డ్ సక్సెస్’ అని చూపిస్తే కోడ్ కంపైలై, వార్ ఫైలు (వెబ్ యాప్ మొత్తాన్ని ఒకటిగా కట్టిన ప్యాకేజీ) తయారైందని మాత్రమే అర్థం. మన శాంపిల్ యాప్ ‘హలో’ టామ్‌క్యాట్‌లో (జావా వెబ్ యాప్‌లను నడిపే సర్వర్) నడుస్తుందో, లేక 404 (ఆ అడ్రసులో ఏమీ దొరకలేదు) వస్తుందో అక్కడ తేలదు.

8080 పోర్టులో టామ్‌క్యాట్ పేజీ వస్తోంది, మన యాప్ రావట్లేదు

ముందు ఫైలు పేరు చూడండి. టామ్‌క్యాట్ ఆ పేరునే అడ్రసుగా తీసుకుంటుంది. మేవెన్ పేరు పక్కన వెర్షన్ నంబరు కూడా తగిలిస్తుంది కాబట్టి ‘హలో’ కోసం వెతికితే దొరకదు, ‘హలో-1.0’ అని కొట్టాలి. మేవెన్ సెట్టింగులుండే పామ్ ఫైలులో ఫైనల్‌నేమ్ ఇస్తే ఈ తలనొప్పి ఉండదు. చేత్తో జిప్ చేసిన వార్ అయితే వెబ్-ఇన్ఫ్ ఫోల్డర్ (యాప్ క్లాసులు, సెట్టింగులు ఉండేది) మొదటి మెట్టులోనే ఉందా అని తెరిచి చూడండి. చాలాసార్లు ఇంకో ఫోల్డర్ లోపల ఇరుక్కుని ఉంటుంది.

హెచ్‌టీఎంఎల్ పేజీ తెరుచుకుంటోంది, సర్వ్‌లెట్ 404, లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు

సర్వ్‌లెట్ అంటే రిక్వెస్టుకు జవాబిచ్చే జావా క్లాసు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా నలిగిపోయేది ఇక్కడే. జావా ఈఈ (సర్వ్‌లెట్ల లాంటి వాటికి ఉన్న జావా ప్రమాణాలు) ఒరాకిల్ నుంచి ఎక్లిప్స్ ఫౌండేషన్‌కి వెళ్లాక, 2020లో వచ్చిన జకార్తా ఈఈ 9తో ప్యాకేజీల పేర్లు ‘జావాఎక్స్’ నుంచి ‘జకార్తా’కి మారాయి. టామ్‌క్యాట్ 9 పాత పేర్లతో, 10 కొత్త పేర్లతో పనిచేస్తాయి. పాత పుస్తకంలోని ఉదాహరణను 10లో పెడితే, దాని వెబ్‌సర్వ్‌లెట్ యానోటేషన్‌ను (క్లాసు మీద రాసే, దాని అడ్రసు చెప్పే గుర్తు) సర్వర్ గుర్తించదు. తప్పు జరిగినట్టు చెప్పదు కూడా. యాప్ సెట్టింగుల ఫైలు వెబ్.ఎక్స్‌ఎంఎల్‌లో అడ్రసు మ్యాపింగ్ రాసి ఉంటే 500 (సర్వర్ లోపలి ఎర్రర్) వస్తుంది, అదే నయం, కారణం కళ్లెదుట కనిపిస్తుంది.

సోర్స్ మీ దగ్గరుంటే ఇంపోర్ట్ లైన్లు, డిపెండెన్సీ మార్చి మళ్లీ బిల్డ్ చేయండి. సర్వ్‌లెట్ ఏపీఐకి ‘ప్రొవైడెడ్’ స్కోప్ (బిల్డ్‌కి వాడు, వార్‌లో పెట్టకు అని చెప్పేది) ఇవ్వండి, ఆ జార్ సర్వర్‌లోనే ఉంటుంది. సోర్స్ లేకపోతే వార్‌ను ‘వెబ్‌యాప్స్-జావాఈఈ’ ఫోల్డర్‌లో వేయండి. టామ్‌క్యాట్ 10 తనే మార్చుకుని డిప్లాయ్ చేస్తుంది.

‘అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్’

బిల్డ్ చేసిన జావా కొత్తది, సర్వర్‌ను నడిపే జావా పాతది. ఎర్రర్‌లో కనిపించే క్లాస్ ఫైలు వెర్షన్ 61 అంటే జావా 17, 55 అంటే 11. కంపైలర్ రిలీజ్ తగ్గించండి, లేదా సర్వర్ జావా పెంచండి.

‘లిజనర్లు స్టార్ట్ కాలేదు’ అని ఒక్క ముక్కతో ఆగిపోయింది

లిజనర్లు అంటే యాప్ మొదలయ్యేటప్పుడు నడిచే కోడ్. టామ్‌క్యాట్ ప్రధాన లాగ్ అయిన కాటలినా లాగ్‌లో ఇంతకుమించి దొరకదు. అసలు కారణం అదే ఫోల్డర్‌లో ‘లోకల్‌హోస్ట్’ పేరు, ఆ రోజు తేదీ ఉన్న ఫైలులో ఉంటుంది.

సరిచేశాక సర్వర్ ఆపి, పాత వార్‌తో పాటు అది విప్పిన ఫోల్డర్‌నూ తీసేసి, కొత్తది పెట్టండి. తర్వాత కర్ల్‌తో (కమాండ్ లైన్ నుంచి రిక్వెస్టు పంపే టూల్) సర్వ్‌లెట్ అడ్రసునే అడగండి. హోమ్ పేజీకి వచ్చే 200 (అంతా సరే అనే జవాబు) చూసి ఆగిపోవద్దు.