బల్బు ఇచ్చారు సరే, రోజూ ఎంతసేపు వెలుగుతోంది?

కరెంటు పొదుపు పథకం నిజంగా ఎంత మిగిల్చిందో తేల్చడానికి ముందు కావలసింది కాలిక్యులేటరు, తర్వాత చెప్పులు. ఇళ్ళకి తక్కువ ధరకి ఎల్‌ఈడీ బల్బులు పంచడానికి కేంద్ర ప్రభుత్వం 2015 జనవరి 5న మొదలుపెట్టిన ఉజాలా పథకాన్నే తీసుకుందాం.

ప్రకటించిన అంకెని ముందు వెనక్కి విప్పండి. 2022 జనవరి నాటికి పంచిన ఎల్‌ఈడీ బల్బులు 36.78 కోట్లు, ఏడాదికి ఆదా సుమారు 4,778 కోట్ల యూనిట్లు అన్నారు. భాగిస్తే బల్బుకి 130 యూనిట్లు. 60 వాట్ల పాత బల్బు తీసి 9 వాట్లది పెడితే తేడా 51 వాట్లు. ఆ తేడా మీద 130 యూనిట్లు మిగలాలంటే ప్రతి బల్బూ ఏడాది పొడుగునా రోజుకి 7 గంటలు వెలగాలి. వసారాలోది వెలుగుతుందేమో. బాత్రూంలోది?

ఇక ఊళ్ళోకి వెళ్ళండి. ఇళ్ళు మీరే చీటీలు తీసి ఎంచుకోండి, ఎవరో చూపించిన వీధికి వెళ్ళకండి. "రోజుకి ఎన్ని గంటలు వేస్తారు?" అని మాత్రం అడక్కండి. గుంటూరు జిల్లాలో ఫారాలు పట్టుకుని తిరిగిన కొత్తలో నేనదే అడిగేవాణ్ణి. ఎవర్నడిగినా "ఆరేడు గంటలుంటుంది బాబూ" అనేవాళ్ళు. తర్వాత ప్రశ్న మార్చాను. "రాత్రి వంటకి ఎన్నింటికి దిగుతారమ్మా? సీరియల్ వచ్చేటప్పుడు లైటు తీసేస్తారా?" అప్పుడు అసలు లెక్క బయటికొచ్చింది. ఒక్కో హోల్డర్ దగ్గరా నిలబడి అడగాలి. ఒకావిడ బీరువా తీసి, డబ్బాలోంచి బయటికి రాని బల్బు చూపించింది. "అమ్మాయి కొత్తింటికి దాచానయ్యా" అంది. ఢిల్లీ లెక్కలో అది కూడా 130 యూనిట్లు ఆదా చేసేసింది!

ఇంతకుముందు అక్కడ ఏముండేదో కూడా రాసుకోండి. 14 వాట్ల సీఎఫ్‌ఎల్ ఉండి ఉంటే మిగిలేది 5 వాట్లే. ఉజాలాకి ముందే, 2014లో, గుంటూరులో పాత బల్బు తీసుకుని పది రూపాయలకి ఎల్‌ఈడీ ఇచ్చారు కాబట్టి ఆ పాత బల్బే సాక్ష్యం. అలా తీసుకోని చోట ఇంటివాళ్ళ జ్ఞాపకమే దిక్కు.

కరెంటు బిల్లులు పక్కపక్కన పెట్టి తేల్చేద్దామనుకోకండి. మధ్యలో ఫ్రిజ్జు వచ్చి ఉంటుంది. బల్బు తీసుకోని పొరుగిళ్ళ బిల్లులు కూడా ఉంటేనే ఆ పోలికకి అర్థం.

పథకానికి అన్యాయం కూడా చెయ్యొద్దు. టోకుగా కొనడం వల్ల బల్బు కొనుగోలు ధర 2014లో 310 రూపాయలున్నది 2016కి 38కి దిగింది. బజార్లోనూ ధర తగ్గి, పథకంతో సంబంధం లేకుండా కొట్లో కొనుక్కున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ ఆదా పంపిణీ లెక్కలోకి రాదు. దాన్ని వేరే గడిలో రాయండి, ఇందులో కలపకండి.

వచ్చేముందు బల్బు మెడ మీద మార్కర్‌తో తేదీ వేసి రండి. ఏడాదికి మళ్ళీ వెళితే అదే బల్బు ఉందో, మాడిపోయి మళ్ళీ పాతరకం ఎక్కిందో ఒక్క చూపుకే తెలుస్తుంది.