పాత వెండి రూపాయి అసలుదా, నకిలీదా? కొలిచి తేల్చడం ఎలా

విజయవాడ వన్‌టౌన్‌లోనో గుంటూరు పట్నం బజార్‌లోనో పాత వెండి రూపాయి చేతికొస్తే చాలామంది వెంటనే మూడు పనులు చేస్తారు. నేలకేసి మోగిస్తారు, గీటురాయి మీద గీయిస్తారు, చింతపండుతో తోముతారు. మూడూ తప్పే. నేలకేసి కొడితే అంచు సొట్టపోతుంది. గీటురాయి పైపొర సంగతే చెబుతుంది కాబట్టి మందంగా వెండి పూత వేసిన నకిలీ దాని ముందు నెగ్గుతుంది, అసలు నాణేనికేమో గీత మిగులుతుంది. ఇక చింతపండు! ఏళ్ల తరబడి పట్టిన ఆ బూడిదరంగు పొరకే సేకర్తలు డబ్బిచ్చేది. తోమి తళతళలాడించిన రూపాయి అసలుదైనా సగం విలువ పోగొట్టుకున్నట్టే.

కావలసినవి కొన్నే. 0.01 గ్రాము చూపించే నగల కాటా, డిజిటల్ వెర్నియర్ కాలిపర్, చిన్న ప్లాస్టిక్ గ్లాసు, సన్నటి నైలాన్ గాలపుతాడు, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్, ఒక థర్మామీటర్. వీటితోపాటు అదే రకం అసలు రూపాయి ఒకటి దగ్గరుండాలి. అరిగినది, చవకది అయినా ఫర్వాలేదు. పోల్చి చూడటానికి ఒకటి లేకుండా ఈ పని మొదలుపెట్టకండి.

పూజలో ఉన్న నాణెమైతే పసుపు, కుంకుమ, నూనె జిడ్డు ఉంటాయి. పది నిమిషాలు అసిటోన్‌లో నానబెట్టి, రుద్దకుండా ఆరనివ్వండి. అసిటోన్‌కి మంట అంటుకుంటుంది, పొయ్యి దగ్గర పెట్టుకోవద్దు.

మొదట బరువు. 1835 నుంచి 1939 దాకా వచ్చిన ఈస్టిండియా కంపెనీ, విక్టోరియా, ఎడ్వర్డ్, జార్జి రూపాయిలకు ప్రమాణం 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. పెద్దవాళ్లు రూపాయెత్తు అనేది ఇదే, పాత తులం ఇదే. బంగారం కొట్లో ఇప్పుడు చెప్పే 10 గ్రాముల తులం ఇక్కడ పనికిరాదు. చేతులు మారి అరిగిన నాణెం 11.4 దాకా దిగడం మామూలే. చూడాల్సింది బరువుకూ అరుగుదలకూ పొంతన. రాణి జుట్టు పోగులు, కిరీటం రాళ్లు స్పష్టంగా ఉండి 11.2 తూగితే అది అరుగుదల కాదు. 11.75 తూగినా అనుమానించాల్సిందే, వాడకంలో నాణెం బరువు పెరగదు. నగకు అతికించి తీసినదైతే మాత్రం మిగిలిపోయిన టంకం వల్ల పెరగొచ్చు.

తర్వాత వ్యాసం. కాలిపర్ మూసి సున్నా చూసుకోండి. అంచు చుట్టూ ఎనిమిది చోట్ల కొలవండి. ఈ రూపాయిలు 30.5 మిల్లీమీటర్లకు కాస్త అటూఇటూ ఉంటాయి, పక్కనున్న అసలు నాణెంతో పోల్చడమే పద్ధతి. అసలు రూపాయి నుంచి అచ్చు తీసి పోతపోస్తే లోహం చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. ఒక్క శాతం ముడుచుకున్నా 0.3 మిల్లీమీటర్లు తగ్గుతుంది, కాలిపర్‌కు ఇది పెద్ద తేడా. బరువు సరిపెట్టడానికి చేసినవాడు మందం పెంచుతాడు కాబట్టి అంచు మందం కూడా నాలుగు చోట్ల చూడండి. ఎనిమిది కొలతల్లో ఒక్కచోటే తగ్గితే అక్కడ ఆకురాయి పడింది. కాసులపేరుకో మొలతాడుకో వేసిన కొక్కెం తీసేసి రాసిన గుర్తు అది. ఆ చోట అంచు మీది గాళ్లు (సన్నటి నిలువు గీతలు) కూడా ఎగుడుదిగుడుగా కనిపిస్తాయి.

బరువును మోసం చేయొచ్చు, వ్యాసాన్ని మోసం చేయొచ్చు. రెండూ సరిచేస్తూ లోహం సాంద్రతను కూడా సరిచేయడం చాలా కష్టం. అందుకే అసలు తీర్పు నీళ్లలో తేలుతుంది. ఎక్కువమంది తప్పు చేసేదీ ఇక్కడే, మంచి రూపాయిని నకిలీ అనుకుని చవగ్గా వదిలించుకునేదీ ఇక్కడే.

పద్ధతి ఇది. గ్లాసులో సగానికి నీళ్లు పోసి కాటా మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని గాలపుతాడుతో కట్టి, కాటాకు తగలని వేరే ఆధారం నుంచి వేలాడదీసి, పూర్తిగా మునిగేలా దించండి. అడుగుకు, గోడకు తగలకూడదు. అప్పుడు కాటా చూపించే అంకె నాణెం తోసిన నీటి బరువు. గాలిలో బరువును ఆ అంకెతో భాగించి, నీటి సాంద్రతతో గుణించాలి. నీరు 30 డిగ్రీలుంటే 0.9957, మే నెల మధ్యాహ్నం 40కి చేరితే 0.9922.

ఉదాహరణకు గాలిలో 11.58, నీళ్లలో కాటా మీద 1.12 వచ్చాయనుకోండి. సాంద్రత 10.3. నూటికి 91.7 పాళ్ల వెండి, మిగతా రాగి ఉన్న లోహానికి లెక్క ప్రకారం రావాల్సింది 10.34, కాబట్టి సరిపోయింది. 0.01 కాటాతో 10.2 నుంచి 10.4 మధ్య వస్తే ఒప్పుకోవాలి, అంతకంటే సూక్ష్మం ఆ కాటా చెప్పలేదు. అదే బరువుకు జర్మన్ సిల్వర్ (వెండి లేని రాగి, నికెల్, జింకు మిశ్రమం) అయితే 1.33 దగ్గర చూపిస్తుంది. 1940ల్లో వచ్చిన సగం వెండి రూపాయి 1.21 చూపిస్తుంది. అది కూడా అసలు నాణెమే, కాకపోతే దాని మీద 1918 అని ఉండకూడదు.

ఇప్పుడు జాగ్రత్తలు. నాణేనికి అంటుకున్న గాలిబుడగలు లెక్క తప్పిస్తాయి. రెండు మిల్లీమీటర్ల బుడగ నాలుగు మిల్లీగ్రాములు కలుపుతుంది, అలాంటివి ఏడెనిమిది చేరితే 10.3 కాస్తా 10.0కి దిగుతుంది, మంచి నాణెం దొంగదైపోతుంది. బుడగలు గాళ్ల మధ్య, అక్షరాల మూలల్లో దాక్కుంటాయి. నీళ్లు ముందే మరిగించి చల్లార్చండి, గిన్నెలు తోమే సబ్బు ద్రవం ఒక్క చుక్క వేయండి, నాణేన్ని పక్కగా, వాలుగా దించండి, టార్చి వేసి చూడండి. నూలుదారం వాడొద్దు, నీళ్లు పీలుస్తుంది. సీలింగ్ ఫ్యాన్ ఆపాల్సిందే. గాలికి కాటా ఊగడం ఒక ఎత్తు, గ్లాసులో నీరు ఆవిరై అంకె తగ్గిపోతూ సాంద్రత ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించడం మరో ఎత్తు. ప్రతిసారీ మళ్లీ సున్నా చేసి మూడుసార్లు కొలవండి. మూడూ 0.01 తేడాలో లేకపోతే ఆ కొలతలన్నీ వదిలేసి మొదటినుంచి చేయండి. ముందు అసలు రూపాయితో చేసి 10.3 రప్పించాకే అనుమానపు నాణేన్ని ముట్టుకోండి. బోరునీళ్లతో లెక్క పెద్దగా మారదు గానీ ఆరాక తెల్లమచ్చలు మిగులుతాయి, అందుకే డిస్టిల్డ్ వాటర్.

ఒక మెలిక ఉంది. సీసం, తగరం దాదాపు నాలుగుకు ఒకటి పాళ్లలో కలిపితే సాంద్రత 10.2 దాకా వస్తుంది. ఇలాంటిదాన్ని శబ్దం పట్టిస్తుంది. వేలికొన మీద నిలిపి చెక్క పెన్సిల్‌తో మెల్లగా తట్టండి. వెండి సన్నగా, సాగుతూ మోగుతుంది, సీసం మూగగా ఉంటుంది. చిల్లు పూడ్చిన అసలు రూపాయి కూడా సరిగా మోగదు, కాబట్టి మోగనిదల్లా నకిలీ అని తేల్చకుండా భూతద్దంతో రంగు తేడా వెతకండి.

అయస్కాంతం చివర్లో చాలు. వెండి రూపాయి అంటుకోకూడదు. పులి బొమ్మ ఉన్న 1947 రూపాయి నికెల్‌ది, అది అంటుకోవాలి.

మిగిలింది సంవత్సరం మార్చడం. దీన్ని కాటా పట్టుకోలేదు, నాణెం అసలుదే కదా. 1939 వెండి రూపాయి అరుదు, అందుకే 1938లో 8ని చెక్కి 9 చేస్తారు. ఫోను కెమెరాకు మాక్రో లెన్సు పెట్టి, నాణెం పక్కన స్కేలు ఉంచి ఫొటో తీయండి. పెద్దది చేసి నాలుగు అంకెల ఎత్తూ గీత మందమూ కొలవండి. రెండు 9లకూ పోలిక కుదరకపోయినా, చివరి అంకె చుట్టూ ఉన్న ఖాళీ చోటు పల్లంగానో నునుపుగానో ఉన్నా అది చెక్కినదే. 1911కైతే కొలత అక్కర్లేదు. ఆ ఏడు జార్జి రాజు వస్త్రం మీది ఏనుగు పందిలా ఉందని గొడవై 1912లో బొమ్మ మార్చారు. 1911 అని ఉండి ఏనుగు తొండం చక్కగా, పొడవుగా కనిపిస్తే అది 1912 రూపాయే.